మా ఎదుట కొండోళ్ల పూటకూళ్లు

ఇక్కడ బర్మాలో, పబేడాన్ పేటలో మా దోసెల కొట్టుకి ఎదురుగా ఉన్న లుంగీల దుకాణం మూతపడ్డాక, ఆ గదిలోకి ఉత్తరాది కొండల నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి దిగారు. వాళ్ల వైపు యుద్ధం ముదిరితే ఇటొచ్చేశారని సందులో చెప్పుకున్నారు. కూతురిది ఇంచుమించు నా వయసే. తల్లి నడుం వంగిపోయిన ముసలావిడ. వారం తిరక్కుండానే గుమ్మం ముందు పొట్టి బల్లలు, ప్లాస్టిక్ పీటలు వేసి తిండి కొట్టు తెరిచారు. ఆకుల్లో కట్టిన అన్నం, ఆవిరి మీద ఉడికించిన చేపలు, పులిసిన వెదురు కొమ్ముల కూర. వాటితో పాటు పొగలో ఎండబెట్టిన గొడ్డుమాంసం.

ఆ మాంసాన్ని కూతురు వాకిట్లోనే కర్రరోట్లో వేసి దంచేది. మా అత్త దేవుడికి కర్పూరం వెలిగించే వేళకి సరిగ్గా రోకటి పోటు మొదలయ్యేది.

“కావాలనే సేస్తంది, సూడు,” అనేది అత్త పళ్లు కొరుక్కుంటూ.

ఆమె కావాలని చేసిందో లేదో నాకు తెలీదు. అత్త మాత్రం కావాలనే చేసింది. ఒకరోజు చెంబుడు పసుపు నీళ్లు తెచ్చి సందు మధ్య గీతలాగా పోసింది. ఆ సాయంత్రానికల్లా కూతురు తన పీటల్ని గీత దాటించి వేసింది. అప్పట్నుంచి మా అంట్లు తోమిన నీళ్లు కాలవలోకి పోవడం మానేసి సందులోకి పోయేవి. ఆమె పొయ్యి పొగ మా వైపు తిరిగేలా అట్ట పెట్టేది. మా దోసెలు తినేవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవారు.

“కొండది! ఎక్కడ్నించొచ్చిందో అక్కడికే తగలెయ్యాలి,” అని అత్త బర్మా భాషలో అందరికీ వినబడేలా అంది ఒక పొద్దున్న.

“నోరు ముయ్యి, కలామా,” అంది కూతురు రోకలి ఆపకుండా.

ఇండియా ఆడదాన్ని ఇక్కడ హేళనగా పిలిచే మాట అది. చిన్నప్పుడు బళ్లో, బస్సుల్లో ఎన్నిసార్లు విన్నానో. మా ముత్తాత ఈ ఊరి రేవులో మూటలు మొయ్యడానికొచ్చాడు. మా ఆయన ఇప్పటికీ ఆ రేవు పక్క బోటాటౌంగ్ గిడ్డంగుల్లోనే పనిచేస్తాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. నిన్నగాక మొన్న దిగిన మనిషి, బర్మా భాషని నాకంటే వంకరగా పలికే మనిషి, ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. పెనం దగ్గర్నుంచి లేచి సందులోకి వెళ్లాను.

“ఈ ఊరు నీదా?” అన్నాను.

“నీదా మరి?” అంది. మాంసపు పీచు అంటిన చేతిని నడుముకి చుట్టుకున్న తమైన్‌కి తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను వెనక్కొచ్చి పెనం మీద నీళ్లు విసిరి కొట్టాను.

వానాకాలంలో ముసలావిడ సందులో కాలు జారి పడింది. మా సబ్బు నీళ్ల మీదే. కూతురు కత్తిపీట వదిలేసి పరిగెత్తుకొచ్చి తల్లిని లేవనెత్తింది. అత్త అరుగు మీంచి కదల్లేదు. “కళ్లు లేవేటి?” అని మాత్రం తెలుగులో గొణిగింది.

మధ్యాహ్నం కూతురు బజారుకి వెళ్లడం చూసి నేను నొప్పుల నూనె పట్టుకుని వెళ్లాను. ముసలావిడ చాప మీద పడుకుని ఉంది. నూనె తీసుకుంది. నన్ను కూర్చోమని చెయ్యి ఊపి, వచ్చీరాని బర్మాలో కబుర్లు మొదలెట్టింది. వాళ్ల వైపు తిండి కొట్లకి బోర్డులుండవట. దారి పక్కన ఏ ఇంటి కప్పు మీంచి పొగ లేస్తే అదే పూటకూళ్లిల్లట. ఎవరొచ్చినా పొయ్యి చుట్టూ కూర్చుని ఇంట్లో ఉన్నదే తినాలట.

“పడనివాళ్లు వస్తేనో?” అన్నాను.

“వాళ్లకే ముందు పెడతాం. తింటున్నంతసేపూ చేతులు ఖాళీగా ఉండవు గదా,” అని పళ్లు లేని నోటితో నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఒక ఆకు పొట్లం నా ముందుకి తోసింది. విప్పేలోపు కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికొచ్చి నా చేతిలోని పొట్లం లాక్కుంది.

“లే. పడేసింది చాలక చూడ్డానికొచ్చావా?”

నూనె సీసా కూడా నా చేతిలో పెట్టి పంపేసింది.

వానలు తగ్గేసరికి వాళ్లకి గది అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. వాసన భరించలేకపోతున్నామని సందులో ఎవరో చెప్పారట. కూతురు నేరుగా మా కొట్టు ముందుకొచ్చి అత్త కేసి వేలు చూపించింది.

“నువ్వే చెప్పావు!”

అత్త చెప్పలేదు. ఆ ఇంటాయనతో ఆవిడకి ఏళ్లుగా మాటల్లేవని నాకు తెలుసు. అయినా అత్త దోసె తిరగేసుకుంటూ ఊరుకుంది. నేనే కల్పించుకుని, “మేం కాదు,” అన్నాను. కూతురు నమ్మలేదు. మా గుమ్మంలో ఉమ్మేసి వెళ్లింది.

“కాదని ఎందుకు సెప్పలేదు?” అని తర్వాత గట్టిగా అడిగాను.

“సెప్తే నాను బయపడ్డాననుకోదేటి? అనుకోనీ. నానే సెప్పాననుకోనీ,” అంది అత్త.

మర్నాడు వాళ్ల రోలూ బల్లలూ ట్రక్కెక్కాయి. ముసలావిడని డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. అత్త ఆ వైపే చూడలేదు.

మళ్లీ ఆ కూతుర్ని మొన్న వేసవిలో చూశాను, ఇదే ఊళ్లో చిమిండైంగ్ బజారు వెనక. చేపల కోసం వెళ్లినదాన్ని, ఆ పులుపు వాసన తగిలి ఆగిపోయాను. మూడే బల్లలున్న కొట్టు. ఒకదాని దగ్గర కూర్చున్నాను. వడ్డిస్తున్న కూతురు నన్ను గుర్తుపట్టింది. ఏం కావాలని అడగలేదు. ఆకులో ఉడికించిన కోడి, అన్నం తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. ఘాటైన ఆకేదో వేసింది అందులో. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చాలా బాగుంది. మొత్తం తిన్నాను.

“అమ్మెలా ఉంది?” అన్నాను.

“పోయింది. పడ్డాక మళ్లీ సరిగ్గా లేవలేదు,” అంది. గిన్నె తీసేస్తూ, “ఇంక ఇటు రాకు,” అంది. అరవలేదు. అదే నాకు భరించడం కష్టమైంది.

ఇంటికొచ్చి అత్తతో చెప్పాను. ఆవిడ మినప్పప్పు కడుగుతోంది. కడిగిన పప్పునే మళ్లీ మళ్లీ కడిగింది.

“అక్కడేటైనా తిన్నావేటి?” అంది చివరికి.

“తిన్నాను.”

“కంపు కొడతన్నావు. తానం సేసి గానీ వంటింట్లోకి రాకు,” అని మొహం అటు తిప్పుకుంది.