ఫోనులో పాఠం, గొర్రెల వెంట ఫోను

2012 జూన్‌లో సూర్యాపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాకు బీఎస్సీ రెండో సంవత్సరం ఫిజిక్స్ పేపరు అప్పగించారు. నేను కాలేజీలో కూర్చుని చదివినవాణ్ణి కాదు. సొంతంగా పుస్తకాలతో కుస్తీ పట్టి, దూరవిద్యలో ఎమ్మెస్సీ దాకా పాసయ్యాను. నోట్సు చెప్పి రాయిస్తే చదువు వచ్చేసినట్టేననే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే క్రమం తిరగేశాను. పాఠం ముందే రికార్డు చేసి, సెల్లులో పాటలు ఎక్కించే షాపులో ఇచ్చేవాణ్ణి. పిల్లలు అక్కడికి వెళ్లి దాన్ని మెమరీ కార్డులో వేయించుకుని, ఇంట్లో విని రావాలి. పీరియడ్‌లో లెక్కలే. బోర్డు దగ్గర పిల్లలు, వెనక బెంచీలో నేను.

మా ప్రిన్సిపాల్ కోదాడ వైపు మనిషి, కామర్స్ చదివినవాడు. రౌండుకు వచ్చినప్పుడు ఏ గదిలో లెక్చరర్ గొంతు వినపడకపోతే ఆ గదిలో పాఠం జరగనట్టే ఆయన లెక్క. నాకు మెమో ఇచ్చాడు. అంతలో చివ్వెంల నుంచి యాదగిరి అనే గొర్రెల కాపరి ఆయన గదికే ఫిర్యాదుకు వచ్చాడు. యాదగిరి కూతురు రేణుక నా క్లాసులో నోరు విప్పేది కాదు. ప్రిన్సిపాల్ నన్నూ పిలిపించాడు.

"సారూ, పాఠం ఫోన్ల వెట్టిండ్రట. మా ఇంట్ల ఉన్నదే ఒక్క ఫోను. అది పొద్దుగాల్నే నాతోని గొర్లెంబడి వోతది. గొర్లు ఇంటున్నయ్ గని, నా బిడ్డ ఎప్పుడినాలె?"

ప్రిన్సిపాల్ ముఖం వెలిగింది. "చూశారుగా. రేపటి నుంచి నోట్సు చెప్పండి. లేదంటే ఆ పేపరు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

యాదగిరి అడిగింది న్యాయం. ప్రిన్సిపాల్ చెప్పిన మందే తప్పు. నోట్సు బట్టీ పట్టి రేణుక పాసు కావచ్చు, లెక్క చేయడం మాత్రం రాదు. నెలాఖరు దాకా గడువు అడిగాను. చివ్వెంల బస్సు క్లాసుకు చాలా ముందే వస్తుంది. ఆ వేళకు ల్యాబు తెరిచి, నా ఫోనుకు స్పీకరు తగిలించి, ఇంట్లో వినలేని వాళ్లకు పాఠం వినిపించాను.

నెలాఖరున ప్రిన్సిపాల్ క్లాసుకు వచ్చి కూర్చున్నాడు. యాదగిరినీ పిలిపించాడు. రేణుకను బోర్డు దగ్గరికి పంపాను. బయటి వేడి అందకుండా వాయువు వ్యాకోచించే లెక్క. ఆమె జవాబులో ఉష్ణోగ్రత పెరిగింది. రేణుక సుద్దముక్క పట్టుకుని ఆగిపోయింది. నేను కదల్లేదు.

"ఇది సల్లవడాలె గద," అని తనలో తనే అనుకుని, సగం చెరిపి మళ్లీ చేసింది. ఈసారి సరిపోయింది.

"తప్పు చేసిందిగా," అన్నాడు ప్రిన్సిపాల్.

"చేసింది సారూ. ఎవ్వలు జెప్పకముందే దానికే ఎరుకైంది గద," అన్నాడు యాదగిరి.

పేపరు నా దగ్గరే ఉండిపోయింది. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు ఈ పద్ధతికి పెద్ద పేరు పెట్టి లెక్చరర్లకు శిక్షణలిస్తున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పాఠాన్ని ఇంటికి పంపేముందు, ఆ ఇంట్లో ఫోను ఎవరి జేబులో ఉంటుందో కనుక్కోండి.