వేటకుక్కకు చివరి పాఠం

దోహా అంతటా క్రేన్లు లేచిన రోజులవి. ఎడారి వైపున్న అల్ షహానియా నుంచి నగరానికి వచ్చే బస్సులో నా పక్కన జగిత్యాల మనిషి ఒకాయన కూర్చున్నాడు. రెండేళ్లుగా ఒక షేక్ గారి వేటకుక్కకు కుందేలును తరమడం, డేగ కొట్టిన పిట్టను పంటిగాటు పడకుండా తేవడం నేర్పాడట.

"సెలవు మీద వెళ్తున్నారా?" అని అడిగాను.

"లేదు సార్. ఇయ్యాల షేక్ పిలిస్తే కుక్క నా కాడికే ఉరికొచ్చింది. నేను మొఖం తిప్పుకున్న. జరసేపు నిలవడి ఆయన కాడికి పోయింది. ఇగ నేర్పుడు అయిపోయిందని నన్ను బిల్డింగ్ పనోళ్ల క్యాంప్‌కు పంపుతున్నరు."

"మీరొచ్చేటప్పుడు వెనక్కి చూసిందా?"

"సూడలే సార్. నేనే గట్ల నేర్పిన."

నేను బయటి ఇసుకను చూస్తూ కూర్చున్నాను. నగరం నడిబొడ్డున ముషైరిబ్‌లో నేను దిగేటప్పుడైనా ఆయనతో ఒక మాట అనాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.