కౌజు పిట్టలు చూడ్డానికి వచ్చినవాళ్ళు

సేలం నుంచి ధర్మపురికి వచ్చే బస్సు తొప్పూరు కనుమ ఎక్కి కాస్త ఊపిరి తీసుకునే చోట, రోడ్డు పక్క హోటళ్ళలో మిరియాలూ కరివేపాకూ వేసి కాడ పిట్టలు, అంటే మా కౌజులే, వేయిస్తుంటారు. ఆ వాసనకు బస్సులో అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవులు వేడెక్కి, ఎవరో నన్నే చూస్తున్నట్టు తల వంగిపోతుంది.

మాది అదియమాన్‌కోట్టై దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మెట్ట చేను, దాని వెనక మాదే కంప పొదల బీడు. కార్తీక దీపానికి అమ్మ చుట్టిన బొరుగుల ఉండలు అయిపోయి, రాగి కోతలు ముగిసి, అరుగు మీద అందరం కూర్చుని అనపకాయలు వలిచే చలి రోజుల్లో, నాయన పొదల అంచున ఉచ్చులు పెట్టి కౌజు పిట్టలు తెచ్చేవాడు. అమ్మ వాటిని కట్టెల పొయ్యి మీద మిరియాలతో వేయిస్తే వీధి మలుపు దాకా ఘుమఘుమలాడేది. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, జీవశాస్త్రం చెప్పే కదిర్వేల్ సారు బడిలో పిట్టల సంఘం పెట్టారు. వానలు వెలిశాక చెరువు కట్టల మీద నడక, చలికాలంలో ఎక్కడినుంచో వచ్చే బాతుల కోసం ఎదురుచూపు, ఎండాకాలంలో హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి గోడ మీద బొమ్మలు చూపిస్తూ సారు చెప్పే కబుర్లు, ఏడాదికొకసారి తీర్థమలై కొండకు ప్రయాణం. ఉన్న ఒక్క దుర్భిణి కోసం వరసలో నిలబడి, నా వంతు వచ్చినప్పుడు కొంగ కంటి చుట్టూ ఉన్న పసుపు రంగు చూసి ఊపిరి బిగబట్టాను. చేరిన రోజున పిట్టలకు హాని చేయబోమని అందరం చేతులెత్తి చెప్పాం. ఆ సంగతి ఇంట్లో చెప్పాలని నాకు తట్టనే లేదు. అది బడిలో తమిళంలో అన్న మాట. ఉచ్చులు ఇంట్లో తెలుగులో ఉండేవి.

ఆ చలికాలం మా చెరువు చూసి, మా ఇంట్లో భోంచేసి వెళ్దామని సారు అన్నారు. నాయన ముందురోజే అరుగుకు సున్నం కొట్టించాడు. పొద్దున్నే నడక మొదలైంది. పొదల్లో కౌజులు కూస్తున్నాయి కానీ ఒక్కటీ కంటపడలేదు. ఎంతసేపు చూసినా లాభం లేక, సారు నిరాశగా ఇంటికి వచ్చారు.

ఒక్క కౌజూ కనబడలేదని విని నాయన నవ్వుతూ లోపలికి పోయి, గంప కింది నుంచి కాళ్ళకు దారం కట్టిన రెండు కౌజులను తెచ్చి, రెండు చేతులా సారు ముందు పెట్టాడు. దగ్గర్నుంచి చూడండి, చూశాక మా ఆడమనిషి వండుతుంది అని తమిళంలో చెప్పాడు. సారు చేయి చాపలేదు. మేము పట్టమండీ, ఊరికే చూస్తాం అని నేల వైపు చూస్తూ మెల్లగా అన్నారు.

నాయన పిల్లల ముఖాలన్నీ చూసి, చివరికి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, నేనేమన్నా తప్పు చేసినానా?"

తెలుగులో అడిగిన ఆ మాట అక్కడ నాకొక్కదానికే అర్థమయింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"అవును నాయనా. విడిచిపెట్టు."

నాయన గొంతుకూర్చుని ముడి విప్పాడు. అది తొందరగా ఊడిరాలేదు. ఒక పిట్ట బుర్రుమని పొదల్లోకి ఎగిరిపోయింది. రెండోదానికి ఉచ్చు బిగిసిన కాలు వాచింది. కొంచెం దూరం కుంటుతూ పోయి, దుమ్ములో కూలబడింది. అమ్మ వచ్చి దాన్ని కొంగులో పెట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

సారే ముందుగా విస్తరి ముందు కూర్చుని, సంగటి, అనపగింజల పులుసు మారు అడిగి తిన్నారు. నాయన వడ్డించడానికి రాలేదు. పెరట్లో ఆయన మేత నరుకుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించింది. అందరి ముందూ పిట్టలు పట్టుకుని నిలబడ్డాడని నాయన గురించి సిగ్గుపడ్డాను. తన ఇంట్లోనే ఇలా దాక్కున్నాడని అంతకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాను.

తర్వాత బడిలో నా వెనక కౌజు కూతలు కూసి నవ్వేవాళ్ళు. తర్వాతి నడకకు పోనని మంచం దిగలేదు. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పట్టింది నేను. నువ్వెందుకు పోకుండా నిలిచేది? లెయ్, పోదాము."

సైకిలు మీద కట్ట దాకా తీసుకుపోయి, తను రోడ్డు మీదే నిలిచిపోయాడు. సారు ఎదురొచ్చి పిలిచినా పనుందని నవ్వాడు. మేము తిరిగి వచ్చేదాకా మాత్రం ఎండలో అక్కడే ఉన్నాడు. మళ్ళీ ఎన్నడూ ఉచ్చు పెట్టలేదు. బడివాళ్ళున్న చోటికీ ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు సారు లేరు, నాయనా లేడు. సంఘం ఉంది. మేము కట్ట దిగేలోపే ఫోటోలు ఫోన్లలోకి వచ్చేస్తాయి. చలికాలం నడకలకు నేనే పిల్లలను తీసుకుపోతున్నాను. మా చేనూ బీడూ ఉన్న చోట ఇప్పుడు ఇళ్ళ స్థలాలకు రంగు వేసి పాతిన హద్దురాళ్ళు, ఎర్రమట్టి దారులు. కౌజు కూత లేదు. ఇక్కడ ఏముండేదని పిల్లలు అడిగితే చెబుతుంటాను.

పోయిన నడకలో ఒక పాప, ఆ పొదలన్నీ ఎవరు కొట్టేశారని అడిగింది. నాయన పోయాక ఆ భూమి అమ్మినప్పుడు అన్నల వెనక నేనూ సంతకం పెట్టాను. ఎవరో అని చెప్పబోయాను. చివరికి, మేమే అన్నాను.