నలభైలో పావు

మా అక్క అనువర్తిత గణితంలో డాక్టరేట్ చేస్తోంది. ఏం పరిశోధనే అని అడిగితే, నేను తాగబోతున్న గ్లాసు లాక్కుని వేలితో తడుతుంది. "చూడు, నీళ్లు ఎంతసేపటికి కుదురుకుంటున్నాయో. ఏదైనా కుప్పకూలే ముందు, కుదురుకోడానికి రోజురోజుకీ ఎక్కువసేపు పడుతుంది. ఆ ఆలస్యం కొలిస్తే కూలే రోజు ముందే తెలుస్తుంది." నాకసలే ముక్కు మీద కోపం. ముందు నన్ను నీళ్లు తాగనివ్వమంటాను.

ఐదేళ్లుగా దాని లెక్కలన్నీ కంప్యూటరు తెర మీదే. ఈ మధ్యే నాన్న మీద పడింది. నాన్న దర్జీ. ఒకరోజు ఏదో అడిగితే ఆలస్యంగా పలికాడట. అంతే, నాన్నకి మతి జారిపోతోందని భయం పట్టుకుంది.

అప్పటినుంచి రోజూ పొద్దున కుట్టు మిషను ముందు కూర్చున్న నాన్నని ఒక కొలతలో పావు ఎంతని అడుగుతుంది. అలాంటివి ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తాయి. ప్రశ్న ముగియగానే స్టాప్‌వాచ్ నొక్కి, జవాబు వినగానే ఆపుతుంది. మొదట్లో ఒక సెకను. నెల తిరిగేసరికి ఒకటిన్నర. మూడో నెలలో రెండున్నర. ఆ సెకన్లని కంప్యూటరులో గ్రాఫుగా గీస్తే, గీత ఎలా వంగుతుందని దాని సిద్ధాంతం చెప్పిందో అచ్చం అలాగే వంగింది.

"డాక్టరుకి చూపించొచ్చుగా?" అన్నాను.

"ఇంకో ముప్పై బిందువులు రానీవే. ఇప్పుడే తేల్చేస్తే మా గైడుగారు నవ్వుతారు."

నాన్న ప్రాణం మీదికొస్తుంటే బిందువులేమిటని తిట్టిపోశాను.

నాది ప్రెస్సులో పొద్దుటి షిఫ్టు. ఆ పరీక్ష నేనెప్పుడూ చూడలేదు. మొన్న సెలవు పెట్టి కూర్చున్నాను.

"నాన్నా, నలభైలో పావు?"

"పది," అన్నాడు నాన్న, సూదిలో దారం ఎక్కిస్తూనే. రెప్పపాటు కూడా పట్టలేదు.

అక్క ఆయన పెదాల వంకే చూస్తోంది. బొటనవేలు కదల్లేదు. ఇంకా ఎదురుచూస్తోంది. అప్పుడు నొక్కింది.

"మూడు సెకన్లు," అంది, కళ్లనిండా నీళ్లతో. "చూశావుగా, ఎంతసేపు పట్టిందో."

నేను నాన్న వైపు తిరిగాను. నాన్న తల దించుకుని గొణిగాడు. "నెల నుంచీ చూస్తున్నానమ్మా. దానికెలా చెప్పాలో తెలీక ఊరుకున్నా."

ఇంకో లెక్క అడగమని, ఈసారి నా ఫోనులో రికార్డు చేసి వినిపించాను. ప్రశ్న, వెనువెంటనే జవాబు. రికార్డు అయిపోయింది. అక్క ఫోను మీదికి వంగి ఇంకా వింటూనే ఉంది. మూడోసారి వేయించుకుని, తెర మీద గొంతుల గీతలు చూసింది. రెంటి మధ్య ఖాళీయే లేదు. దాని మొహం పాలిపోయింది.

"అయితే ఈ మూణ్ణెల్లూ కొలిచింది నన్నన్నమాట," అంది.

ఆ గీత ఎక్కడికి పోతుందో ఇంట్లో దానికొక్కదానికే తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

"పదక్కా, డాక్టరు దగ్గరికి. ఇప్పుడే."

నాన్న అప్పటికే చెప్పులేసుకున్నాడు. అక్క నా మొహంలోకి చూస్తూ నిలబడింది. దాని చేయి పట్టుకుని, నాకు తెలియకుండానే లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదు దగ్గర "సరే" అంది.