పురుళ్ళ గదికి పర్మిషన్

మా ఇంట్లో కుక్క ఈనడానికి ఊరి అనుమతి కావాలని తెలిసిన రోజు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో నా సర్వీసంతా పురుళ్ళు పోసినదాన్ని. నా చేతుల్లోకి వచ్చిన ఏ బిడ్డా సిటీ హాల్‌ని అడిగి పుట్టలేదు.

రూలు మాత్రం సూటిగానే ఉంది. మా శివారు ఊళ్ళో ఒక ఇంటికి మూడు కుక్కలు. అంతకు మించి ఉంచుకోవాలన్నా, ఇంట్లో పిల్లల్ని పుట్టించి అమ్మాలన్నా ప్లానింగ్ బోర్డు ముందు నిలబడి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. నా దగ్గర ఐదున్నాయి. ఐదూ పొమరేనియన్లు, ఒళ్ళో పట్టేవి. అన్నిటినీ కలిపి తూచినా ఎదురింటి లాబ్రడార్ ఒక్కదానితో సరితూగవు. రూలుకు బరువుతో పని లేదట, తలకాయలే లెక్కట. బోర్డు కాదంటే నెల తిరిగేలోగా రెంటిని గడప దాటించాలి. ఆ తర్వాత మా ఇంట్లో పురుడు అన్న మాటే ఉండకూడదు.

"అడగడమెందుకే?" అన్నారు మా ఆయన. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గొడవంటే ఆమడ దూరం. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఎంతమంది గుట్టుగా పెంచుకోవడం లేదు? కంప్లైంట్ వస్తే అప్పుడు చూసుకుందాం."

"గుట్టుగా ఎందుకుండాలండీ? నేనేమన్నా సారా కాస్తున్నానా?" అని మర్నాడే వెళ్ళి అప్లై చేసి వచ్చాను.

ఈ కుక్కల పిచ్చి నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. డెబ్బై నిండాక ఆసుపత్రి వాళ్ళు కేకు కోయించి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత నా చేతులకు పని లేకుండా పోయింది. తోటపని చేశాను. గుడి కమిటీలో ఒక ఏడాది కూర్చుని పులిహోర ఎవరు వండాలన్న తగాదాలు తీర్చాను. ఏదీ ఒంటబట్టలేదు. ఒంటరితనం అని స్నేహితురాళ్ళు జాలిపడ్డారు గానీ అది కాదు. పని చేయగల మనిషిని, పని లేదు, అంతే. కాలక్షేపానికని తెచ్చుకున్న ఆడకుక్క తొలిచూలు నొప్పులు పడుతుంటే పిల్ల సగంలో ఇరుక్కుంది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వ్యవధి లేదు. నా వేళ్ళు వాటంతటవే దారి వెతుక్కున్నాయి. బయటికొచ్చిన పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే తువ్వాలుతో రుద్దుతూనే ఉన్నాను. చివరికి కీచుమంది. ఆ అరుపు విని నేల మీద కూలబడి ఏడ్చాను. అన్నేళ్ళ ఆసుపత్రి సర్వీసులో ఎన్నడూ ఏడవనిదాన్ని. ఇది నా పని, ఒళ్ళు సహకరించినన్నాళ్ళు చేస్తాను అని ఆ రోజే అనుకున్నాను.

మనవాళ్ళు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మొదట చూసేది కింద ఒక బెడ్‌రూమూ, దానికో బాత్‌రూమూ ఉన్నాయా అని. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళు మెట్లెక్కలేరని. మా ఇంట్లో ఆ గదిలో మా అమ్మా, మా అత్తగారూ వచ్చినప్పుడల్లా ఉండేవారు. వాళ్ళు పోయి చాలాకాలమైంది. గది ఖాళీగా పడి ఉంటే దాన్నే పురిటి గది చేశాను. మంచం తీసేసి, నేల మీద మెత్తటి పరుపులు పరిచి, చుట్టూ చిన్న దడి కట్టి, గది వెచ్చగా ఉండే ఏర్పాటు చేశాను. ఈ సంగతి తెలిసి మా స్నేహబృందంలో పెద్ద దుమారం లేచింది. అత్తగారు పడుకున్న గదిలో కుక్కను పడుకోబెట్టిందని ఒకావిడ, ఇంత చదువు చదివి చివరికి కుక్కల వ్యాపారమా అని ఇంకొకావిడ. మా అత్తగారు మాత్రం బతికుంటే ఆ పిల్లల్ని ఒళ్ళో వేసుకుని దించేవారు కాదు. ఆవిడ తరఫున బాధపడే హక్కు వీళ్ళకెవరిచ్చారో నాకు తెలియదు.

హియరింగ్‌కి కొన్ని వారాల ముందు సిటీ వాళ్ళు మా లాన్‌లో ఒక బోర్డు పాతారు, ఈ ఇంటి విషయమై బహిరంగ విచారణ ఉంది అని. దూరం నుంచి అది ఇల్లు అమ్మకానికి పెట్టినట్టే కనిపిస్తుంది. ఇక ఫోన్ల మీద ఫోన్లు. "ఆంటీ, ఇల్లు పెట్టేశారటగా? డౌన్‌సైజ్ చేస్తున్నారా? ఫ్లోరిడానా?" అని ఒకరు, "సీనియర్ కమ్యూనిటీకి మూవ్ అవుతున్నారా, గుడ్ డెసిషన్ ఆంటీ" అని ఒకరు. ఇల్లు అమ్మడం లేదు, ఇంట్లో కొత్త పని మొదలుపెడుతున్నాను అంటే అవతలివాళ్ళు మాట మార్చేసేవారు. మా వయసు వాళ్ళు దేన్నైనా వదిలించుకుంటారని నమ్ముతారు గానీ మొదలుపెడతారంటే నమ్మరు.

ఒక శనివారం పొద్దున పక్కింటి కుర్రాడు వచ్చాడు. తెలుగువాడే, ఐటీ ఉద్యోగం, ఇల్లు కొని రెండేళ్ళయింది. కాఫీ ఇచ్చాను. కప్పు ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"ఆంటీ, హియరింగ్‌లో నేను మాట్లాడదామనుకుంటున్నా. అగైనెస్ట్‌గా. మీకు ముందే చెప్తే బెటర్ అని వచ్చా. నథింగ్ పర్సనల్."

"నా ఇంటి గురించి, నా కుక్కల గురించి, నా పని గురించి మాట్లాడతావు. ఇంక పర్సనల్ కానిదేముంది నాయనా?"

"అది కాదు ఆంటీ. పప్పీస్ కోసం ఎవరెవరో కార్లేసుకుని వస్తారు. బార్కింగ్ ఉంటది. రీసేల్ వాల్యూ కూడా ఎఫెక్ట్ అయితది. అయినా ఈ ఏజ్‌లో మీకివన్నీ ఎందుకు? హ్యాపీగా రెస్ట్ తీస్కోక."

"కాఫీ తాగు, చల్లారిపోతోంది" అన్నాను. ఇంటికొచ్చినవాణ్ణి అంతకంటే ఏమనను? చాటుగా గోతులు తవ్వకుండా ఎదురుగా వచ్చి చెప్పాడు, ఆ మాత్రం మెచ్చుకోవాలి. రెస్టు అన్న మాట మాత్రం పుండు మీద కారంలా తగిలింది.

అతను వెళ్ళాక మా ఆయనకు దిగులు పట్టుకుంది. బోర్డు ఛైర్మన్ మా వెనక వీధిలోనే ఉంటాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన తెల్లాయన, మా ఆయన కంటే నాలుగైదేళ్ళు పెద్దే ఉంటాడు, చేతికర్ర ఊతంతో పార్కులో నడుస్తుంటాడు. మా ఆయనకు ముఖపరిచయం. "పెద్దమనిషిని ఒకసారి ఇంటికెళ్ళి కలిస్తే మర్యాదగా ఉంటుంది కదే" అన్నారు. వద్దంటే వద్దన్నాను. సరేనన్నారు. ఆయన సరే అంటే ఏమిటో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసి ఉండాల్సింది.

హియరింగ్ రోజు హాలు సగం నిండింది. బోర్డు వాళ్ళు ఏడుగురు ఎత్తుగా ఉన్న బల్ల వెనక కూర్చున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. నాకు గుర్తున్నవి నా భాషలో చెబుతున్నాను.

మా కేసు పిలవగానే ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "వినడానికి ముందు అందరికీ ఒకటి చెప్పడం నా విధి. మొన్న దరఖాస్తుదారు భర్త మా ఇంటికి వచ్చారు. ఈ విషయం బయట మాట్లాడకూడదని చెప్పాను. తెచ్చిన పెట్టె వద్దన్నాను. ఆయన వెళ్ళాక చూస్తే అది మా గుమ్మం పక్క బల్ల మీద ఉంది. నేను విప్పలేదు. ఇదిగో, క్లర్కు దగ్గర ఉంది."

క్లర్కు బల్ల మీద మిఠాయి కొట్టు పెట్టె. అడుగున నెయ్యి మరక స్పష్టంగా కనిపిస్తోంది.

మా ఆయన వైపు తిరిగాను. "ఏం చేశారండీ మీరు?"

"మైసూర్‌పాకే" అన్నారు గొణుగుతూ. "వద్దంటే మొహమాటపడుతున్నాడనుకున్నానే. మనలో ఎవరు మాత్రం అడగ్గానే పుచ్చుకుంటారు?"

నిజమే. మన ఇళ్ళలో మొదటి వద్దుకు విలువ లేదు, రెండో వద్దుకూ లేదు. మూడోసారి "ఇవన్నీ ఎందుకండీ" అంటూ అందుకుంటారు. పాపం ఆ ఛైర్మన్ ఒక్కసారే వద్దన్నాడు, మా ఆయన లెక్కలో అది ఇంకా వద్దన్నట్టే కాదు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో లంచం అన్న మాట కూడా అన్నారు. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. అప్పటిదాకా ఆయన్ని అక్కడికక్కడే కడిగేయాలన్నంత కోపంగా ఉన్నదాన్ని, ఆ నవ్వు వినగానే నా కోపం దారి మళ్ళింది. మా ఆయన్ని అనాలంటే నేను అనాలి. వాళ్ళెవరు?

మైకు దగ్గరికి వెళ్ళాను. "మా ఆయన చేసింది తప్పే. మీ పద్ధతి తెలియక చేశారు. లంచం మాత్రం కాదు. ఒకరి గుమ్మం తొక్కేటప్పుడు చేతులు ఊపుకుంటూ వెళ్ళకూడదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ పెట్టె నేను ఇంటికి పట్టుకుపోతాను. నా కేసు మైసూర్‌పాక్ లేకుండానే వినండి."

ఈసారి హాలంతా నవ్వింది గానీ అది వేరే నవ్వు. ఛైర్మన్ కూడా నవ్వాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఐదు కుక్కలు, ఏడాదికి రెండు ఈతలకు మించవు, కొనేవాళ్ళు ముందుగా చెప్పి ఒక్కొక్కరే రావాలి, కుక్కలు పగలు పెరట్లో, చీకటి పడితే ఇంట్లో.

తర్వాత పక్కింటి కుర్రాడు లేచాడు. మా ఇంట్లో అతనికి ఆంటీని, మైకు ముందు దరఖాస్తుదారునయ్యాను. కార్లు, మొరుగుడు, ఇళ్ళ ధరలు అన్నీ వరసగా చెప్పాడు, బాగానే చెప్పాడు. చివర్లో "ఆమె వయసు రీత్యా కూడా ఆలోచించాలి" అని కూర్చున్నాడు.

అంతే, బోర్డు ఆ మాట పట్టుకుంది. కార్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. మీకేమన్నా అయితే ఈ జంతువుల గతేమిటని బోర్డులో ఒకావిడ అడిగింది. సిటీ లాయరు, దరఖాస్తుదారు మరణంతో అనుమతి రద్దవుతుందని షరతు పెట్టుకోవచ్చన్నాడు. మా ఆయన ఉన్నచోటు నుంచే "శివ శివ! అవేం మాటలు!" అని తెలుగులో పైకే అనేశారు. ఇంకొకాయన దయగల మనిషిలా ఉన్నాడు, మధ్యేమార్గం చెప్పాడు. "ఐదింటినీ ఉంచుకోండి. ఏదీ ఇల్లు వదలనక్కర్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించేయండి. ఈ వయసులో మీకూ హాయి."

మా ఆయన నాకు సైగ చేస్తున్నారు, ఒప్పేసుకో, ఒప్పేసుకో అని. నిజం చెబుతున్నాను, నా మనసూ ఊగింది. కాదంటే రెంటిని పోగొట్టుకోవచ్చు. ఏ రెంటిని? మొదట తెచ్చుకున్నదాన్నా? ఆ రోజు తువ్వాలులో కీచుమన్నదాన్నా? కానీ ఒప్పుకుంటే ఆ ఐదూ నాకు మిగులుతాయి, నేను మిగలను. ఆసుపత్రి వాళ్ళు కేకు ఇచ్చి చేసిందే వీళ్ళు కుక్కలిచ్చి చేస్తున్నారు.

"వద్దండీ" అన్నాను. "నేను పురుళ్ళకు అనుమతి అడగడానికి వచ్చాను. మీరు నా చావు గురించి మాట్లాడుకుంటున్నారు. గది శుభ్రంగా ఉందా అని అడగండి, వచ్చి చూడండి. కుక్కలు మొరుగుతాయా అని పక్కింట్లో కూర్చుని వినండి. మీ రూలు మొదటి నుంచి చివరిదాకా నేను చదివాను. అందులో కుక్కల సంఖ్య ఉంది, మనిషి వయసు లేదు. ఉంటే ఏ పేజీలో ఉందో చూపించండి, ఇప్పుడే ఇంటికి వెళ్ళిపోతాను."

లాయరు కాగితాలు తిరగేశాడు. లేదన్నట్టు తలూపాడు. నేను మైకు వదల్లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. మరణం మాట తీసేశారు. దాని బదులు గడువు పెట్టారు.

"అనుమతి ఐదేళ్ళకు" అని చదివాడు ఛైర్మన్, కళ్ళజోడు పైనుంచి నన్ను చూస్తూ. "ఆ తర్వాత కొనసాగించాలంటే మీరు స్వయంగా మళ్ళీ ఈ బోర్డు ముందుకు రావాల్సి ఉంటుంది. రాగలరా?"

"వస్తాను" అన్నాను. "మీరుంటారా?"