విశ్వాసమ్మ మోకాళ్ల సాక్ష్యం

మా పెద్దమ్మ విశ్వాసమ్మ గొంతును దొంగిలించారు. పోలీసు స్టేషనుకు పోతే నవ్వుతారని తెలుసు. నగ పోతే కేసు రాస్తారు, గొడ్డు పోతే కేసు రాస్తారు. మనిషి నోటిమాట పోతే ఏం రాయాలో వాళ్లకూ తెలియదు. అందుకే నేను రాస్తున్నాను.

పెద్దమ్మది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. వయసు అరవై దాటింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఒకరి చేలో శనగ పీకడం, ఇంకొకరి చేలో పత్తి తీయడం, ఎవరు పిలిస్తే వాళ్ల చేలో గొంతుక్కూర్చుని కలుపు తీయడం. మా పెదనాన్న శాంతయ్య పోయాక కూడా ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. నోరు కాస్త దురుసు గానీ మాట నిక్కచ్చి. కూలివాళ్ల మధ్య తగువొస్తే విశ్వాసమ్మను అడగండి అనేవాళ్లు.

అలాంటి మనిషికి మోకాళ్లు అరిగిపోయాయి. మావాళ్లు చర్చిని కూడా గుడి అనే అంటారు. ముత్తాతల కాలంలో నాపరాళ్లతో కట్టిన గుడి అది. ప్రార్థనలో అందరూ మోకాళ్లూనితే ఆమె ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడేది. నొప్పికన్నా ఆ నిలబడటమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. దేవుడి ముందు పొగరుగా నిలుచున్నట్టుందని నా దగ్గర ఏడ్చింది.

ఆ ఏడుపును పసిగట్టినట్టు వచ్చాడు జయకుమార్. కడపలో ఒక అద్దాల క్లినిక్కుకు రోగులను కూడగట్టుకుపోవడం అతని ఉద్యోగం. మూలకణాల వైద్యం అన్నాడు. స్టెమ్ సెల్స్ విత్తనాల్లాంటివనీ, తుంటి ఎముకలోంచి తీసి మోకాట్లో నాటితే అరిగిన గుజ్జు మళ్లీ మొలుస్తుందనీ చెప్పాడు. విత్తిన ప్రతి గింజా మొలవదని మా సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ తెల్లకోటు పేరు చెబితే తెలిసిన సంగతి కూడా మరిచిపోతాం. పెద్దమ్మ ఉన్న నాలుగు మేకలూ అమ్మి కడపకు పోయింది. నన్ను అడగలేదు. అడిగి ఉంటే వద్దంటానని ఆమెకు తెలుసు.

సూది వేయించుకుని వచ్చిన రెండో ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పింది. మా గుడుల్లో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు. జ్వరం తగ్గినా, కాన్పు సుఖంగా జరిగినా, బోరులో నీళ్లు పడినా లేచి నలుగురిలో చెబుతాం. దాన్ని ఎవరూ అనుమానించరు, ఎదురు ప్రశ్న వేయరు. అది దేవుడికి చెల్లించే కృతజ్ఞత. జయకుమార్ వాళ్ల నాయన ఊరూరా తిరిగిన బోధకుడు. ఈ సంగతి ఆ కొడుక్కు ఉగ్గుపాలతోనే తెలుసు. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. ఏమీ తెలియనివాడు చేసి ఉంటే నేనింతగా మండిపడేదాన్ని కాదు.

పెద్దమ్మ ఆ రోజు అందరిముందూ మోకాళ్లూని, మళ్లీ తనంతట తానే లేచింది. కళ్లు తుడుచుకుంటూ, "మోకాళ్ల మింద వంగినా, లేసినా. దేవునికి స్తోత్రం. కడప డాక్టరుకు వందనాలు" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజు నిజంగానే నొప్పి లేదు. జయకుమార్ ముందు వరుసలో నిలబడి అంతా ఫోనులో తీసుకున్నాడు.

శనగ కోతల నాటికి నొప్పి తిరిగొచ్చింది, ముందుకన్నా ఎక్కువగా. ఫోను చేస్తే జయకుమార్ రెండో డోసు పడాలన్నాడు. పైగా, "మనసులో సందేహం పెట్టుకుంటే ఒళ్లు ఎట్ల బాగైతాది పెద్దమ్మా?" అన్నాడు. సూది వాడిది, తప్పు ఈమె విశ్వాసానిది. ఆ ఫోను నా చేతిలో ఉండుంటే ఏమనేదాన్నో ఇక్కడ రాయలేను.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఓపిగ్గా చెప్పింది. మూలకణాల మీద పరిశోధనలు జరుగుతున్నాయట. మోకాళ్ల అరుగుదలకు గుజ్జు మళ్లీ మొలిపిస్తాయని ఇంకా తేలలేదట. తేలని వైద్యాన్ని ఇలా డబ్బు తీసుకుని అమ్మకూడదట. మొదట్లో తగ్గింది సూదిలో కలిపిన వేరే మందు వల్ల కావచ్చు, ఈ నొప్పి దానంతటదే తగ్గి పెరగడమూ ఉంటుందంది. తొడలకు కసరత్తు చెప్పింది, మాత్రలు రాసింది, మరీ ముదిరితే కీలు మార్చే ఆపరేషన్ ఉందంది, కలుపు పని మానేయమంది. మానేస్తే తిండెవరు పెడతారని పెద్దమ్మ అడిగింది. దానికి ఆ డాక్టరమ్మ దగ్గర మందు లేదు. ఉందని అబద్ధం మాత్రం చెప్పలేదు.

తిరిగొచ్చి కోయిలకుంట్లలో బస్సు దిగుతుంటే మైకు కట్టిన ఆటో ఒకటి ఎదురొచ్చింది. మోకాళ్ల మింద వంగినా, లేసినా అని అరుస్తోంది. పెద్దమ్మ గొంతే. ఆమె అప్పుడు బస్సు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, మెట్టు దిగలేక, వెనకవాళ్ల చేత తిట్లు తింటోంది. దేవునికి స్తోత్రం అన్న మాటను కత్తిరించేశారు. డాక్టరుకు వందనాలు మాత్రం ఉంచుకున్నారు. నేను ఆటోకు అడ్డం పోయి అరిస్తే డ్రైవరు, తాను బాడుగకు తిప్పుతున్నాననీ, మైకులో ఎవరున్నారో తనకేం తెలుసనీ అన్నాడు.

ఊరికి పోతే అంతకన్నా పెద్ద దెబ్బ. పక్కింటి ఈరక్క ఆ సూది కోసం తన ఎనుమును బేరం పెట్టింది. ఆలూరు పక్కనుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఈరక్క, పెద్దమ్మతో ముప్పై ఏళ్లుగా ఒకే సాలులో కలుపు తీసిన మనిషి. ఆమెకూ మోకాళ్లు పోయాయి. ఆమె ఇంటికి ఆ బర్రె పాలే ఆధారం. వద్దని పెద్దమ్మ ఎంత చెప్పినా వినలేదు.

"నీకైతే బాగైండాది. నేను దుడ్లు కూడేసుకుంటే వద్దంటాండావు. నీ మాట నమ్మే గదక్కా ఎనుమును అమ్ముతాండేది?" అంది.

తన మాట మీదే తన మాట గెలవలేకపోయింది పెద్దమ్మ. గుడి పాస్టరు అయ్యగారి దగ్గరకు పోయి, సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని అడిగింది. దేవుడి సన్నిధిలో ఇచ్చిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటే సంఘం తొట్రుపడుతుందని ఆయన నసిగాడు. క్లినిక్కువాళ్లు గుడికి కొత్త మైకుసెట్టు ఇచ్చిన సంగతి ఊరంతటికీ తెలుసు.

ఆ ఆదివారమే గుడి ఆవరణలో క్లినిక్కువాళ్లు క్యాంపు పెట్టారు. షామియానా కింద ఆ కడప డాక్టరు హర్షవర్ధన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు కులం, మతం తేడా లేకుండా పల్లె పల్లెనుంచి వచ్చిన ముసలీ ముతకా వరుస కట్టారు. ఈరక్క కూడా ఉంది, కొంగున డబ్బు మూట కట్టుకుని. నలుగురిలో ఆమె కాదనదన్న ధీమాతో జయకుమార్ మైకు పట్టుకుని, మన పెద్దమ్మ మరొక్కసారి తన సాక్ష్యం చెబుతుందని పిలిచాడు.

పెద్దమ్మ పోయింది. మైకు అందుకోలేదు. డాక్టరు ముందున్న బల్లను పట్టుకుని, పళ్లు బిగించి, ఆవరణలో పరిచిన నాపరాళ్ల మీద రెండు మోకాళ్లూ ఊనింది. జయకుమార్ చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు ఆగాయి. ఆమె లేవబోయింది. లేవలేకపోయింది. ఇంకోసారి బల్లను పట్టుకుంది, నుదుట చెమట పట్టింది. నేను పరుగెత్తి చంకలో చెయ్యి వేస్తే తోసేసింది.

"లేపొద్దు. నన్ను బాగుచేసినానంటాండే ఆ డాక్టరునే లేపమను."

ఎవరూ కదల్లేదు. పెద్దామెకు కళ్లు తిరిగినట్టున్నాయి, ఎవరైనా పట్టుకోండని జయకుమార్ మైకులోనే అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. వరుసలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

"ఆటోలో అరిసే గొంతు నాదే. ఆ పొద్దు వంగినా, లేసినా. అది నిజం. ఈ పొద్దు ఇట్ల ఉండా. ఇదీ నిజమే. దేవుడు నన్ను మోసం చెయ్యల్యా, సూది చేసింది. సూదికి వచ్చినోళ్లంతా చూసేదాంక నన్ను ఎవరూ లేపొద్దు."

అందరూ చూశారు. చూడక తప్పలేదు. కొందరు తల దించుకున్నారు, కొందరు మెల్లగా గేటు వైపు నడిచారు. ఇంకొందరు అప్పటికీ వరుసలోనే ఉన్నారు. వాళ్లను నేనేమీ అనలేను. నొప్పి వాళ్లది.

ఈరక్క వరుసలోంచి కుంటుకుంటూ వచ్చింది. పెద్దమ్మ ఎదురుగా తానూ కష్టంగా కూలబడి, కొంగుతో ఆమె మొహం తుడిచి, "సాలక్కా. సూసినా. లెయ్యి, ఇంటికి పోదాం" అంది.

అప్పుడు చెయ్యి ఇచ్చింది పెద్దమ్మ. ఇద్దరినీ లేపడానికి నేనూ, అయ్యగారి భార్యా, గేటు దాకా పోయి వెనక్కి వచ్చిన ఇద్దరు ముసలాళ్లూ కావాల్సి వచ్చింది. డాక్టరు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.