పోలిక నక్షత్రం

నక్షత్రాల లెక్కల్లో ఆ లెక్చరరమ్మను మించినవాళ్లు కాలేజీలో లేరు. ఇంటి లెక్కే ఎప్పుడూ తప్పేది. ఒప్పుకుంటేగా!

ఆవిడ చూసేది జంట నక్షత్రాన్ని. రెండూ అతుక్కుపోయి, ఒకే పైపొర కప్పుకుని తిరుగుతుంటాయి. ఎంత పెద్ద టెలిస్కోపుకైనా ఒక్క చుక్కే కనిపిస్తుంది. పక్కనే నిలకడగా వెలిగే నక్షత్రాన్ని పోలికకు పెట్టుకుని ఆ చుక్క వెలుగు కొలుస్తారు. వెలుగు పెరిగి తగ్గే గీతను బట్టి జంటలో ఏది బరువో, ఏది వేడో కంప్యూటర్లో మోడల్ కట్టి తేలుస్తారు.

జంట ఒక చుట్టు తిరిగేలోగా వెలుగు రెండుసార్లు పెరుగుతుంది, గీతలో ఆ రెండు గుట్టలూ సమానంగా రావాలి. ఈవిడకు రెండోది కుంగింది. చిన్న నక్షత్రం మీద నల్లమచ్చ ఉండుంటుందని మోడల్లో ఒక మచ్చ పెట్టింది. గీత అతికినట్టు సరిపోయింది. పేపర్ జర్నల్‌కు వెళ్లింది.

ఆవిడకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది, వంక పెట్టడానికి లేని పిల్ల. చిన్నది చదువు మధ్యలో మానేసి ఇంట్లో కూర్చుంది. "అక్కను చూసైనా బుద్ధి తెచ్చుకో" అని తల్లి దాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. చివరికి విసిగిపోయి, "రేపు పొద్దున్నే నిన్ను అక్క దగ్గర దింపేసి వస్తాను. అక్కడైనా దారిలో పడతావు" అని తేల్చేసింది. చిన్నది చచ్చినా రానంది. ఎందుకో చెప్పదు. తల్లే దాని బట్టలు సర్ది, సంచి గుమ్మం పక్కన పెట్టింది.

ఆ మధ్యాహ్నం జర్నల్ నుంచి ప్రశ్న వచ్చింది. పోలిక నక్షత్రం నిలకడగానే ఉందా, సరిచూశారా అని.

చూడలేదు. దానిమీద అనుమానమే రాలేదు. విసుక్కుంటూనే దాన్ని మూడో నక్షత్రంతో పోల్చి చూసింది. రెండో గుట్ట కొలిచిన రాత్రి పోలిక నక్షత్రమే కాస్త ఎక్కువ వెలిగింది. దాని పక్కన జంట మసకగా కనిపించింది, అంతే. లేని మచ్చ ఉందని రాసేసింది తను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే సంచి పక్కన కూలబడింది. చిన్నది మంచినీళ్లు తెచ్చింది.

"నా పేపర్ తప్పే. వెనక్కి తీసేసుకున్నాను" అంది తల్లి. "మచ్చా లేదు, ఏమీ లేదు. దేనితో పోల్చానో అదే నిలకడగా లేదు."

చిన్నది గ్లాసు అమ్మ చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది.

"అక్క కూడా అంతేనమ్మా. ఉద్యోగం పోయి చాన్నాళ్లయింది. గదిలోంచి బయటికే రావట్లేదు. తను కూడా ఇలా అయిపోయిందని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని చెప్పొద్దంది. నన్ను దింపడానికొస్తే నీకు తెలిసిపోతుందని రానన్నాను."

ఆవిడ వెంటనే పెద్దదానికి ఫోన్ కలిపింది.

"ఎలా ఉన్నావే?"

"నాకేంటమ్మా, బాగున్నాను."

ఎప్పుడూ వినేదే. ఆ మాట వినగానే నిశ్చింతగా పెట్టేసేది. ఈసారి పెట్టలేదు.

"బాగా లేకపోయినా ఫర్వాలేదు తల్లీ. రేపు ఇద్దరం వస్తున్నాం. నీ దగ్గరే ఉంటాను."

అవతల వెక్కిళ్లు వినిపించాయి. తల్లి ఫోన్ చెవికి అదుముకుని వింటూ కూర్చుంది. చిన్నది సంచి విప్పి, తన బట్టలు కొన్ని తీసేసి, అమ్మ చీరలు సర్దింది.